పీకిన గెడ

వరద ఆరో రోజు పొద్దున్నే అమ్మచ్చి మంచం కింద ఇంకో వరస ఇటుకలు పెట్టాల్సి వచ్చింది. రాత్రికి రాత్రే నీళ్ళు జానెడు పెరిగాయి. మంచం మీద అమ్మచ్చి, అంటే మా అత్తగారు, ఆమె ఒళ్ళో రెండు కోళ్ళు, కాళ్ళ దగ్గర బియ్యం డబ్బా. కింద మోకాలి లోతు నీళ్ళలో నేను.

"ఇచ్చాయా, ఒక చెయ్యి వెయ్యండి" అని మా ఆయన్ని పిలిచాను.

మా ఆయన ఈప్పచ్చన్ కిటికీ గట్టు మీద కాళ్ళు ముడుచుకుని నల్ల కాఫీ తాగుతున్నాడు. కాఫీ అవనీ అన్నాడు. కాఫీ అయ్యాక బీడీ అవనీ అంటాడని నాకు తెలుసు. మంచం కోడు భుజానికెత్తుకుని కాలితోనే ఇటుక లోపలికి తోశాను. పైన కోళ్ళు గోల పెట్టాయి.

"వాడికోసం ఆగకే రాహేలే" అంది అమ్మచ్చి. "వీడు నా కడుపులోంచి రావడానికే పదో నెల దాటించాడు. మంత్రసాని రెండుసార్లు వచ్చి, ఇవాళ కాదులే అని వెనక్కి పోయింది."

ఇంకో రోజైతే ముగ్గురం నవ్వేవాళ్ళం. ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం పన్నెండుకి చర్చి గంట కొట్టేలోపు మా ఆయన ఒక్క మాట చెప్పాలి. చెప్పకపోతే మోటారు నడిపే కుట్టప్పన్ మీద రాసిన ఫిర్యాదు కాగితం పోలీస్ స్టేషన్‌కి పోతుంది.

ఆదివారం తెల్లారుతుండగా మా వట్టత్తర పాడానికి గండి పడింది. పాడమంటే మా వరి పొలాలు, ఏటికంటే పల్లంలో ఉంటాయి. చుట్టూ గట్టు, గట్టు మీద మోటారు షెడ్డు. రాత్రీ పగలూ లోపలి నీళ్ళు తోడి ఏట్లో పోస్తుంటే తప్ప అక్కడ గింజ పండదు. కోతకి పది రోజులే ఉంది. కొడవళ్ళకి సాన పట్టించి పెట్టుకున్నారు జనం. నాలుగు వందల ఎకరాల పండిన చేను రెండు గంటల్లో ఏరైపోయింది.

గండి పడింది సరిగ్గా మోటారు షెడ్డు పక్కన. అంతే, ఇంక ఎవరికీ ఆలోచించే పని లేకపోయింది. మోటారు నడిపేది కుట్టప్పన్, ఇరవై రెండేళ్ళుగా. కల్లు తాగుతాడు. తాగినట్టు దాచుకోడు. మా ఊళ్ళో తాగి దాచుకునేవాడికి పరువు ఉంటుంది, దాచుకోనివాడికి ఉండదు. తాగి పడుకుని తూము పలక వెయ్యడం మర్చిపోయాడు, ఏటి నీళ్ళు వెనక్కి తన్ని గట్టుని తొలిచేశాయి అని సోమవారానికల్లా అందరూ తీర్మానించేశారు. కుర్రాళ్ళు అతని పడవకి చిల్లు పొడిచి ముంచారు.

బుధవారం చర్చి బడి మేడ మీద పాడం కమిటీ కూర్చుంది. కుట్టప్పన్ చేతులు కట్టుకుని నిలబడి ఒకటే మాట చెప్పాడు. గండికి తొమ్మిది రోజుల ముందు షెడ్డు పక్కన గట్టు మొదట్లో పీతబొక్కలోంచి ఊట చూశాడట. ఆ పూటే సెక్రటరీ సారుకి చెప్పాడట. గెడ కూడా పాతాడట. మర్నాడు చూస్తే గెడ లేదు, ఊట మూయించేశారనుకుని మోటారు పూర్తిగా నడిపాడట.

మా పాడంలో ఇది తాతల నాటి కట్టు. ఊట కనిపిస్తే చూసినవాడు అక్కడ గెడ పాతి, కొసకి కొబ్బరాకు ముడివెయ్యాలి. గెడ నిలబడి ఉన్నన్నాళ్ళూ మోటారు సగమే నడపాలి, లోపల నీళ్ళు తగ్గే కొద్దీ ఏటి ఒత్తిడి గట్టు మీద పడుతుంది. గట్టు మీద పోయే ప్రతివాడూ ఆగి ఊట రంగు చూడాలి. తేటగా వస్తే భయం లేదు. బురదగా వచ్చిందంటే గట్టు లోపల్లోపల కరిగిపోతోందన్నమాట. బంకమట్టి కొట్టించి, ఊట మూయించి, గెడ పీకేది సెక్రటరీ ఒక్కడే. ఆ సెక్రటరీ మా ఆయన.

గెడ చూసినవాడు ఒక్కడూ లేడు. గెడ ఎటు పోయిందో కల్లుకుండనే అడగమని వెనక నించి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. ప్రెసిడెంటు వర్కిచ్చన్ నవ్వలేదు. "ఈప్పచ్చా, వీడు నీకు చెప్పాడా, లేదా?" అని అడిగాడు.

మా ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మెడ తుడుచుకున్నాడు. "చూసి చెబుతాను" అన్నాడు.

ఏం చూసి చెబుతాడు? చెప్పాడంటే చెప్పాడు, లేదంటే లేదు. కానీ మా ఆయన నోట ఆ మాట వినీ వినీ అలవాటైపోయిన ఊరు కదా, ఎవరికీ వింతనిపించలేదు. వర్కిచ్చన్ శుక్రవారం మధ్యాహ్నం దాకా గడువిచ్చాడు. కుట్టప్పన్ మాత్రం మా ఆయన మొహం వంక చూస్తూ అలాగే నిలబడిపోయాడు. మెట్లు దిగేటప్పుడు మా ఆయన తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న నాకు అది కనిపించింది, అర్థం కాలేదు.

పడవలో ఇంటికొస్తూ అడిగితే, ఆలోచించుకోనీ అన్నాడు. గురువారం అడిగితే, తల పగిలిపోతోంది రేపు మాట్లాడదాం అన్నాడు. ఆ రేపు ఇదిగో వచ్చింది.

ఇటుకలు సర్ది, చీర కుచ్చెళ్ళు పిండుకుని, ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "ఒక్కమాట చెప్పండి. కుట్టప్పన్ మీకు చెప్పాడా?"

గ్లాసు అడుగు చూస్తూ, "చెప్పాడు" అన్నాడు.

"మరి మేడ మీద ఆ మాట అనడానికి ఏమొచ్చింది?"

"చెప్పాడంటే, నువ్వేం చేశావయ్యా అంటారుగా."

"ఏం చేశారు?"

బయట వాన పడుతోంది. వాన వంక చూస్తూ మొదలుపెట్టాడు. మట్టిపడవ వాడికి కబురు పెడదామనుకున్నాడట. ఆ రోజు వాడు పెళ్ళికి పోయాడట. మర్నాడు మన పడవకి తారు పూయాల్సి వచ్చిందట. ఆ మర్నాడు చర్చిలో తద్దినం కూడు. తర్వాత వాన. ఊట తేటగానే ఉంది కదా అనుకున్నాడట. రోజూ పొద్దున్నే లేవగానే అదే గుర్తొచ్చేదట, గుర్తొచ్చిన కొద్దీ అటు వెళ్ళాలంటే కాళ్ళు బరువెక్కేవట.

ఆయన చెడ్డవాడు కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ మాట నాకు నేనే చెప్పుకుంటున్నాను. కుట్టప్పన్ పిల్లకి జ్వరమొస్తే నడుం లోతు నీళ్ళలో మోసుకుపోయిన మనిషి ఈయనే. అప్పుడు ఎవరో కేక వేశారు, పరిగెత్తాడు. కేక వెయ్యని పని మాత్రం ఆయన చేత కాదు. చిన్న పనిని చిన్నగా ఉండగా చూడలేడు. అది పెరిగి పెద్దదై మీద పడ్డాక నిదానమే ప్రధానం అంటాడు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడం మా ఇంటి ఆచారమైపోయింది.

దానికి సాక్ష్యం మంచం మీదే ఉంది. మూడేళ్ళ కిందట అమ్మచ్చి రెండు కళ్ళకీ పొర వచ్చింది. చిన్న ఆపరేషను, మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు అన్నారు. ఓణం వెళ్ళనీ అన్నాడు. కోతలవనీ అన్నాడు. క్రిస్మస్ అవనీ అన్నాడు. ఎట్టకేలకు తీసుకెళితే డాక్టరు లైటు వేసి చూసి, ఇంత ముదరబెట్టుకున్నారేంటమ్మా అన్నాడు. అమ్మచ్చికి ఇప్పుడు వెలుగు, చీకటి తెలుస్తాయి. అంతే. కొడుకుని ఆమె ఒక్కమాట అనలేదు. నేనన్నాను. అని ఏం లాభం?

"పన్నెండు దాకా టైముందిగా" అన్నాడాయన. "వాన తెరిపియ్యనీ. వెళ్తాను."

"వెళ్ళి ఏం చెబుతారు?"

"అదే ఆలోచిస్తున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి బతుకు బజారున పడుతుంటే ఆలోచించేందుకు ఏముందన్నాను. ఇరవై రెండేళ్ళు మీ చేను తడవకుండా చూసినవాడు జైలుకి పోతే, కోర్టులో కూడా చూసి చెబుతానంటారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఎదురు చెప్పలేదు. ఎదురు చెబితేనన్నా పోట్లాట ఎక్కడో ఒకచోట తెగేది.

అప్పుడు అమ్మచ్చి పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది. కానీ కోళ్ళని ఒళ్ళోంచి దించేసింది.

"రాహేలే, ఈ కర్ర ఎక్కడిది?"

దోమతెర కర్ర. తలవైపు కర్ర విరిగిపోతే మా ఆయనే ఎక్కడో వెదురుది తెచ్చి కట్టాడు. ఆ మాటే చెప్పాను. అమ్మచ్చి వేళ్ళు కర్ర కొసన తడుముతున్నాయి. తెర తాడు కట్టిన చోట, దానికి పైన, ఎండిపోయిన కొబ్బరాకు ఈనెతో వేసిన ముడి ఒకటుంది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కళ్ళున్నదాన్ని, నాకేమీ కనబడలేదు.

"ఇది ఎడంచేతి ముడి" అంది అమ్మచ్చి. "మెలిక అటు తిరిగింది చూడు. కుట్టప్పన్ తండ్రిది ఎడంచేతి వాటం. ఇరవయ్యేళ్ళు మన నీటిచక్రం తొక్కాడు. కొడుక్కీ ఇదే ముడి నేర్పాడు. ఈ పాడంలో ఇంకెవరూ ఇలా వెయ్యరు."

నేను కర్రని మొదట్నించి కొస దాకా చూశాను. పాతడానికి చెక్కినట్టు కింది కొస మొనతేలి ఉంది. దోమతెర కర్రకి మొన ఎందుకు?

"ఎప్పుడు తెచ్చాడిది?" అంది అమ్మచ్చి.

నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. గండికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు. కిటికీ వైపు తిరిగాను.

ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. "కుట్టప్పన్ చెప్పిన సాయంత్రమే పీకాను" అన్నాడు. "పొద్దున్నే మట్టి కొట్టిద్దామనుకున్నా రాహేల్. నిజంగానే అనుకున్నా. ఒక్క రాత్రికి గెడ ఎందుకు, అందరూ చూస్తారు, సెక్రటరీ ఇంకా మూయించలేదా అని దారిలో ప్రతివాడూ అడుగుతాడు అనిపించింది. ఒక్క రాత్రికే కదా అని పీకేశా."

"తర్వాతైనా మళ్ళీ పాతలేకపోయారా?"

"రేపటికి మూసేస్తాం కదా, మళ్ళీ పాతడమెందుకు అనుకున్నా."

"తొమ్మిది రోజులూ అదే అనుకున్నారా?"

తలూపాడు.

నేనింక అరవలేదు. అరిచే ఓపిక పోయింది. గెడ లేదు కాబట్టి కుట్టప్పన్ మోటారు పూర్తిగా నడిపాడు. గెడ లేదు కాబట్టి ఎవరూ ఆగి నీటి రంగు చూడలేదు. ఎన్నోరోజున ఆ ఊట బురదగా మారిందో ఇంక ఎవరికీ తెలియదు. నాలుగు వందల ఎకరాల వరి, ఎనభై ఇళ్ళ తిండి. దాన్ని కాపాడాల్సిన గెడకి నేను ఈ రెండు వారాలూ తెర కట్టి మా అత్తగారిని దోమలు కుట్టకుండా పడుకోబెడుతున్నాను.

కిటికీ చువ్వకి పడవ తగిలిన చప్పుడైంది. చూస్తే కుట్టప్పన్ భార్య తంకమ్మ. నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని, ఎవరిదో అడిగి తెచ్చుకున్న చిన్న పడవలో ఉంది. ఏడవడం లేదు. మూడు రోజులు ఏడ్చిన మొహమది.

"చేచ్చీ, సారున్నారా?"

ఉన్నారన్నాను. తంకమ్మ చువ్వ పట్టుకుని లోపలికి వంగకుండానే చెప్పింది. తెల్లారగట్ట నించీ కుట్టప్పన్ గండి దగ్గరే ఉన్నాడట. గెడ పీకినవాళ్ళు అక్కడే పక్కన పారేసి ఉంటారని, గట్టు కూలినప్పుడు అది కూడా గండిలో పడి అడుగున బురదలో దిగబడి ఉంటుందని అతని నమ్మకం. నిన్నంతా చుట్టుపక్కల వెతికాడట. ఇవాళ మునిగి వెతుకుతున్నాడట. పన్నెండులోపు గెడ తెచ్చి, దాని మీది ముడి అందరికీ చూపిస్తే చాలు, తను తాగి వాగలేదని నమ్ముతారంటున్నాడట.

"మొదట నడుముకి తాడు కట్టుకుని దిగాడు" అంది తంకమ్మ. "అడుగు అందడంలేదు, తాడు పొట్టిదైపోతోంది అని ఇందాక విప్పేశాడు. నా మాట వినడంలేదు చేచ్చీ. సారు ఒక్కమాట చెబితే వింటాడు. గెడ వద్దులేరా, నేను చెబుతాలే అని సారు అంటే పైకొచ్చేస్తాడు."

ఆ మాట అని ఆమె పడవ తిప్పేసింది. వస్తారా రారా అని అడగలేదు. అవునో కాదో వినడానికి ఆగే మనిషిలా లేదు.

నేను మా ఆయన వైపు చూశాను. వాన తెరిపియ్యనీ అంటాడేమోనని భయపడ్డాను. ఆయన గ్లాసు పక్కన పెట్టబోయాడు, అది నీళ్ళలో పడి మునిగిపోయింది. కిటికీ గట్టు దిగి నీళ్ళు చిమ్ముకుంటూ మంచం దగ్గరికొచ్చి, రెండు చేతులా గెడ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. దోమతెర మొత్తం అమ్మచ్చి మీద, కోళ్ళ మీద కూలిపోయింది.

తెర కింద నించే అమ్మచ్చి అంది, "పో ఈప్పా. ఇవాళైనా పో."

"చొక్కా వేసుకోండి" అన్నాను అలవాటుకొద్దీ. వద్దన్నాడు. చొక్కా వేసుకోవడానికి అరగంట పట్టే మనిషి. గుమ్మంలో కట్టిన పడవ ఊడదీసి, నేనింకా సరిగ్గా కూర్చోకముందే ఆ గెడతోనే నీళ్ళని పొడిచి ముందుకి తోశాడు.

చేలన్నీ నీళ్ళే. మునిగిన వరి వెన్నులు పడవ అడుగుకి రాసుకుంటూ గరగరలాడుతున్నాయి. మొలకెత్తిన వాసన వస్తోంది. ఆయన ఎక్కడా ఆగలేదు. దారిలో వర్కిచ్చన్ ఇంటి మలుపు దగ్గర మాత్రం ఒకసారి అటు చూశాడు. ముందు కుట్టప్పన్ అన్నాడు, నాతో కాదు, తనలో తనే. నేను అడ్డు చెప్పలేదు. మొదటిసారిగా ఆయన రెండు పనుల్లో ముందేదో తేల్చుకున్నాడు.

గండి దగ్గర మిగిలిన గట్టు ముక్క మీద ముప్ఫై మంది దాకా గొడుగులేసుకుని నిలబడి ఉన్నారు. వర్కిచ్చన్ కూడా ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పెట్టిన కాగితం. అందరూ నీళ్ళ వైపే చూస్తున్నారు. గండిలో నీళ్ళు ఎర్రగా, గుండ్రంగా తిరుగుతున్నాయి. గట్టు తెగినచోట నేల మూడు నిలువుల లోతు కోసేసిందని ముందే విన్నాను. ఒడ్డున కొబ్బరి మొద్దుకి ఒక తాడు కట్టి ఉంది. రెండో కొస నీళ్ళ మీద ఊరికే తేలుతోంది.

"కుట్టప్పన్ ఏడీ?" అన్నాను.

ఒకాయన గడ్డంతో నీళ్ళ వైపు చూపించాడు. "ఇప్పుడే దిగాడు" అన్నాడు.

"ఇప్పుడే కాదు" అన్నాడు పక్కనున్నాయన.

మా ఆయన గెడ నా చేతిలో పెట్టాడు. భుజం మీది తువ్వాలు కూడా తియ్యలేదు. పడవ ఒరిగింది, నేను అంచు పట్టుకున్నాను, చూసేసరికి ఆయన లేడు. తువ్వాలు ఒకటి పైకొచ్చి సుడిలో తిరగడం మొదలుపెట్టింది.

గట్టు మీద ఇద్దరు కుర్రాళ్ళు చొక్కాలు విప్పడం మొదలుపెట్టారు. వీళ్ళే పడవకి చిల్లు పొడిచినవాళ్ళు. వర్కిచ్చన్ గొడుగు కింద పడేసి తాడు లాగుతున్నాడు. నేను ఊపిరి బిగబట్టి నా లోపల అంకెలు లెక్కపెడుతున్నాను. నలభై దగ్గర నీళ్ళలోంచి ఒక తల లేచింది. మా ఆయనది. చేతులు ఖాళీగా ఉన్నాయి. నోరు తెరిచి ఒక్క గుక్క గాలి పీల్చాడు, నా వైపు చూడకుండానే మళ్ళీ మునిగాడు.

ఒక చిన్న పడవ వచ్చి మా పడవకి తగిలింది. తంకమ్మ. మా పడవ అంచు పట్టుకుని వంగి నీళ్ళలోకి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. దూరంగా చర్చి గంట మొదలైంది.

మూడో గంటకో నాలుగో గంటకో ఆమె తలెత్తింది. ఆమె కళ్ళు నా మొహం మీద ఆగలేదు. నా చేతిలోని గెడ మీద ఆగాయి. మెల్లిగా పైకి వెళ్ళి, కొసన ఉన్న ముడి దగ్గర నిలిచిపోయాయి.

"చేచ్చీ" అంది. "ఇదెక్కడిది?"

పొద్దున్నించీ ఆ ఒక్కమాట చెప్పమని మొగుణ్ణి చంపుకు తిన్నదాన్ని. చెప్పడానికి ఏముందన్నదాన్ని. నోరు తెరిచాను. నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, గంట మోగుతూనే ఉంది.

"తర్వాత చెబుతాను తంకమ్మా" అన్నాను.